తడి బల్బుకు కట్టిన బూటు లేసు

నా గొప్ప బేరం

విజయనగరం జిల్లాలో బూటు లేసుల్ని నాకంటే చవగ్గా కొన్న మనిషి ఉంటే వచ్చి కనబడమనండి. బడులు తెరిచే రోజులు. లేసు ధర పైసా తగ్గించాల్సిన అవసరం చెప్పుల కొట్టువాడికి లేని రోజులు. అరగంట నిలబడి, రెండుసార్లు మెట్లు దిగి వెళ్ళిపోయినట్టు నటించి, ఒక జత ధరకి రెండేసి జతల చొప్పున పన్నెండు జతలు పట్టుకొచ్చాను. తెల్లగా, నున్నగా, నిగనిగలాడుతున్నాయి. మా నాన్నది చీపురుపల్లిలో కిరాణా కొట్టు, మేనమామలది బట్టల కొట్టు. నడక రాకముందే బేరం వచ్చినవాణ్ణి. ఆ సాయంత్రం ఇంట్లో ఆ సంగతి మూడుసార్లు చెప్పుకున్నాను. మూడోసారి విన్నది నేనొక్కణ్ణే.

ఆ లేసులు బూట్లకి కాదు. గుడ్లు పొదిగే మిషనులో తడి బల్బుకి వత్తిగా కట్టడానికి. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన అతి చెడ్డ పని అదే. అంత తక్కువ ఖర్చుతో అంత నష్టం తేగలిగినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే.

ముప్పై ఏళ్ళు హేచరీలో పనిచేసి మొన్నమొన్న బయటికొచ్చాను. ఎప్పుడు ఇన్‌ఛార్జిని అయ్యానో, అందుకోసం ఎవరి చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో మీకు అక్కర్లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకి పనికొచ్చేది ఆ లేసు కథే.

వత్తి చేసే పని

మిషనులో రెండు థర్మామీటర్లు పక్కపక్కన ఉంటాయి. ఒకటి మామూలుది, పొడి బల్బు. అది వేడి ఎంతుందో చెబుతుంది. రెండోదాని బల్బుకి నూలు వత్తి తొడుగుతారు. వత్తి కొస కింద ఉన్న చిన్న నీళ్ళ సీసాలో మునిగి ఉంటుంది. అది తడి బల్బు. వత్తిలోని నీరు గాలిలోకి ఆవిరైపోతూ బల్బుని చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే నీరు అంత జోరుగా పోతుంది, పాదరసం అంత కిందికి దిగుతుంది. రెండు అంకెల మధ్య తేడా పట్టుకుని పట్టికలో చూస్తే గాలిలో తేమ శాతం తెలుస్తుంది. తేడా ఎక్కువైతే గాలి పొడి, తక్కువైతే తేమ. అంతే.

ఇది నాకు నేర్పినవాడు సింహాచలం అనే ముసలి ఆపరేటరు. పెద్దగా చదువుకోలేదు. మొదటి రోజు నా మోచేతి మీద చెంబుడు నీళ్ళు పోసి ఫ్యాను ముందు నిలబెట్టాడు.

"ఏటైనాది?"

చల్లగా ఉందన్నాను.

"నీళ్ళు ఎలిపోతన్నాయి గనక సల్లన. గాలికి ఎంత దాహవుంటే అంత బేగి లాగీసుకుంటాది. ఆ దాహం ఎంతో వత్తినడుగు, అదే సెప్తాది. ఒరే సెట్టీ, ఒకటి మాత్రం ఇనుకో. ముందు వత్తిని సూడు, తర్వాత అంకె సూడు."

ఆ చివరి మాట ఆయన రిటైరయ్యేదాకా రోజూ చెప్పాడు. రోజూ చెప్పే మాటని మనం రోజూ వినం.

కానీ ఆ పరికరానికి మాత్రం మొదటి రోజే దాసోహమయ్యాను. త్రాసులోకి ఎక్కే వస్తువుకే బరువని, కంటికి కనబడేదే సరుకని నమ్మే ఇంట్లో పుట్టాను. ఇక్కడ చూస్తే కరెంటు లేదు, బ్యాటరీ లేదు, తిరిగే చక్రం లేదు. చిటికెన వేలంత వత్తి, గుక్కెడు నీళ్ళు. వాటితో కంటికి కనబడని గాలి గుణం ఇంతని తేలిపోతోంది. నీరు పోతూపోతూ తాను ఎంత తొందరగా పోయిందో అంకె వదిలి వెళుతోంది. ముప్పై ఏళ్ళు రోజూ చూశాను. ఇప్పటికీ నాకు అది పాతబడలేదు.

గుడ్డుకి ఈ గొడవంతా ఎందుకంటే, పెంకు నిండా కంటికి ఆనని రంధ్రాలుంటాయి. పొదుగులో ఉన్నన్నాళ్ళూ గుడ్డు వాటిలోంచి కొంచెం కొంచెంగా నీరు కోల్పోవాలి. ఆ మేరకి పెద్ద మొన వైపు గాలి గది పెరుగుతుంది. పిల్ల తన మొదటి ఊపిరి పీల్చేది ఆ గదిలోనే. నీరు తక్కువ పోతే గది చాలక పిల్ల లోపలే మునిగిపోతుంది. ఎక్కువ పోతే లోపలి పొర తోలులా బిగిసి పిల్లని కదలనివ్వదు. ఈ లెక్కంతా పెట్ట తన కడుపు కింద, ఏ పట్టికా చూడకుండా చేసేస్తుంది. మేం మాత్రం పొడి బల్బు ఫారెన్‌హీట్ లెక్కన వంద డిగ్రీల దగ్గర, తడి బల్బు ఎనభై నాలుగు, ఎనభై ఆరు మధ్య పెట్టుకుని, దేవుడా అనుకుంటూ తిరిగేవాళ్ళం.

సాలూరు లారీలో వచ్చిన గుడ్లు

పెద్ద తుఫాను వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు, వానలు మొదలయ్యే ముందు సువార్తమ్మ అనే ఆవిడ చీపురుపల్లి దగ్గర మా హేచరీకి వచ్చింది. ఆవిడది భోగాపురం వైపు సముద్రానికి దగ్గర్లోని ఊరు. మిషనరీల ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసిన మనిషి, అరవై దాటి ఉంటాయి. మా హేచరీ అసలు వ్యాపారం ఫారం కోళ్ళదే. ఒక మూల పాత చెక్క మిషను ఒకటి ఉండేది. ఊళ్ళవాళ్ళు నాటు గుడ్లు తెస్తే అందులో పెట్టి పొదిగించి ఇచ్చేవాళ్ళం.

తుఫానుకి వాళ్ళ వీధిలో కోళ్ళన్నీ పోయాయి. అవి నల్లకాళ్ళ జాతి. ఉప్పుగాలికి తట్టుకుంటాయి, గద్దని చూస్తే పిల్లల్ని దాచుకుంటాయి అని చెప్పింది. వాళ్ళమ్మ నాటి నుంచి ఉన్న కోళ్ళు. ఎప్పుడో ఈవిడ చెల్లెలికి పెళ్ళిచేసి సాలూరు అవతలి ఊరికి పంపినప్పుడు రెండు పెట్టల్ని కూడా ఇచ్చారట. ఆ జాతి ఇప్పుడు అక్కడ మూడు ఊళ్ళలో మిగిలింది. సువార్తమ్మ వెళ్ళి పది రోజులు ఇల్లిల్లూ తిరిగి రెండువందల పద్నాలుగు గుడ్లు పోగుచేసింది. బుట్టల్లో ఊక పోసి, గుడ్లు పేర్చి, సాలూరులో లారీ ఎక్కి, ఒక బుట్ట ఒళ్ళోనే పెట్టుకుని వచ్చింది.

"బాబూ, ఇయి పోతే మల్లీ లెవ్వు," అంది. "వానలు దిగితే పెట్టలు గుడ్లు మానీస్తాయి. మల్లీ మాగవాసం దాకా ఆగాల. అప్పటికి ఆ ఊళ్ళోల్లు ఎన్ని కోసుకుని తినీస్తారో. పదకొండు ఇళ్ళోలకి మాటిచ్చీసినాను. ఇంటికి పదమూడు పిల్లలని సెప్పినాను."

నాకు వదిలెయ్యమ్మా అన్నాను. అంత ధీమాగా అనడం వెనక సింహాచలం నేర్పిన పని ఉంది, నా సొంత తెలివీ ఉంది. రెండోదాని సంగతి ఇప్పుడు చెబుతాను.

అంకెని నమ్మిన రెండు వారాలు

మిషనులో పాత నూలు వత్తి బోరు నీళ్ళ సున్నం పట్టి గట్టిపడిపోయింది. కొత్త వత్తులు పట్నం నుంచి తెప్పించుకోవాలి. బూటు లేసు అదే పని చేస్తుందని ఎవరో చెప్పగా విన్నాను. చేస్తుంది, నూలు లేసైతే. నేను కొన్నవి నైలాను లాంటి నూలు కలవని సరుకు. బట్టల కొట్లో పెరిగినవాడికి ఆ తేడా వేలికి తెలియాలి. ఆ రోజు నా వేళ్ళు ధర మీద ఉన్నాయి.

లేసు కట్టి, గుడ్లు పెట్టాను. తడి బల్బు తొంభై దగ్గర నిలబడింది. అంటే తేమ బాగా ఎక్కువ. బయట వాన పట్టుకుంది, ఆరేసిన బట్టలు ఆరడం లేదు, అగ్గిపుల్ల వెలగడం లేదు. తేమ ఎక్కువే ఉంటుందని నమ్మడానికి ఇంకేం కావాలి? తేమ కోసం అడుగున పెట్టే నీళ్ళ ట్రే తీసేశాను. మిషను గాలి రంధ్రాలు సగం తెరిచాను. అంకె ఒక్క డిగ్రీ దిగింది. పూర్తిగా తెరిచాను. ప్రతి ఉదయం కార్డు మీద అంకె వేసి, తేమ తగ్గిస్తున్నట్టు చక్కటి దస్తూరీతో రాశాను.

ఏడో రోజు సువార్తమ్మ వచ్చింది. చీకటి గదిలో దీపం ముందు ఒక్కో గుడ్డూ పట్టి చూపించాను. ఇన్నేళ్ళలో ఆ పని కొన్ని లక్షల సార్లు చేసి ఉంటాను. అయినా గుడ్డు వెలిగి, ఎర్రటి నరాలు వేళ్ళలా పాకి కనబడి, నడుమ ఆవగింజంత చుక్క టక్కుటక్కుమంటుంటే దాన్ని దించబుద్ధి కాదు. ఆవిడ దీపం దగ్గరికి వంగి, "ఎవులూ సెప్పకండానే మొదలెట్టీసినాది, సూడు," అంది. ముప్పై ఒకటి ఖాళీ గుడ్లు, తొమ్మిదింట్లో జీవం మొదలై ఆగిపోయింది. అవి తీసేశాం. నూట డెబ్బై నాలుగు మిగిలాయి. ఆవిడ వాటికి రెండు చేతులూ జోడించి ప్రార్థన చేసుకుని వెళ్ళింది.

ఏ మిషనులో పెట్టినా వారానికోసారి ఒక ట్రే గుడ్లు తూచి, ఎంత నీరు పోయిందో చూడాలని సింహాచలం నియమం. గాలి చెప్పే మాట, గుడ్డు చెప్పే మాట కలవాలనేవాడు. పెద్ద మిషన్లకి తూచేవాణ్ణి. ఈ పాత మిషనులో పెట్టిన రోజు ఒక ట్రే బరువు రాసుకున్నదే, మళ్ళీ తూచలేదు. అంకె నా చేతిలో ఉంది కదా అనుకున్నాను.

వేలు పెట్టి చూసిన మనిషి

పదిహేనో రోజు సువార్తమ్మ మళ్ళీ వచ్చింది. ట్రేలోంచి ఒక గుడ్డు తీసి అరచేతిలో పెట్టుకుంది. ఇంకొకటి తీసింది.

"తేలికైపోనాది," అంది.

గుడ్లు తేలికవుతాయమ్మా, అవ్వాలి కూడా అని నవ్వాను.

"నాకెరికే బాబూ. పొదుగు గుడ్డు నానెత్తనిదా? ఇది మరీ తేలిక."

నవ్వుతూనే ట్రే తీసి త్రాసు మీద పెట్టాను. నవ్వు అక్కడ ఆగింది. అప్పటికి నూటికి పదివంతులు బరువు పోవాలి. పదహారు దాకా పోయింది.

మా ఓనరు అప్పుడే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నా నోట్లోంచి ఏమాత్రం తడబాటు లేకుండా ఒక వాక్యం వచ్చింది. లారీ కుదుపులకి పెంకుల్లో కంటికి కనబడని పగుళ్ళు వచ్చి ఉంటాయి, వాటిలోంచి నీరు పోయింది అని. సరుకు పాడైతే నెపం దారి మీదికి తోసెయ్యడం నేను ఎక్కడా నేర్చుకోలేదు, వింటూ పెరిగానంతే. అక్కడితో ఆగలేదు. మిషను తలుపు తీసి థర్మామీటర్లు చూపించాను. చూడమ్మా, తడి బల్బు ఎంతుందో, లోపల తేమకి లోటు లేదు అన్నాను.

ఆవిడ అంకెల జోలికి పోలేదు. చెయ్యి లోపలికి పెట్టి వత్తిని వేలితో తాకింది.

"తడి బల్బంటన్నావు," అంది. "తడేది?"

నేనూ తాకాను. సీసాలో మునిగిన కొస తడిగా ఉంది. దాని పైన ఒక అంగుళం దాకా తడి పాకింది. బల్బు చుట్టూ మాత్రం ఎండలో ఆరేసిన తాడులా ఉంది. ఆ లేసు నీళ్ళు తాగలేదు. కింది అంగుళం తడి వల్ల అందిన కాస్త చలవకి అంకె తొంభై దాకా దిగిందే గాని, అసలు దిగాల్సిన దాంట్లో అది సగమే. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే తేమ ఎక్కువని నేను చదువుకున్నాను. పదిహేను రోజులుగా, లేని తేమని తీసేస్తూ కూర్చున్నాను.

వత్తి ఎండిందని ఆవిడకి తెలిసింది గాని, దాని అర్థం తెలియలేదు. ఓనరుకి తెలిసింది. నన్ను పక్కకి పిలిచి మెల్లగా అన్నాడు.

"లారీ అన్నావు కదా. ఆ మాట మీదే ఉండు."

ఆయన చెడ్డవాడు కాదు. కరెంటు పోయిన రోజుల్లో నాతో సమంగా జెనరేటరు తాడు లాగినవాడు. వ్యాపారం నిలబెట్టుకునే మనిషి ఏమంటాడో అదే అన్నాడు. చెప్పి వెళ్ళిపోయాడు.

సువార్తమ్మని ఒక్క నిమిషం ఆగమని, నా పాత నూలు తువ్వాలు అంచున బెత్తెడు పీలిక చింపాను. సబ్బుతో ఉతికి, పీపాలో పట్టిన వాననీళ్ళలో ముంచి, లేసు పీకేసి అది కట్టాను. కట్టి తలుపు వేసి, అద్దంలోంచి ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

పాదరసం కదిలింది. ఎనభై తొమ్మిది నుంచి ఎనభై ఏడు. ఎనభై నాలుగు. ఎనభై రెండు. బయట చూరు నుంచి వాన ధారగా పడుతోంది. అద్దానికి అవతల, మూరెడు దూరంలో, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం లాంటి గాలి తిరుగుతోంది. వానగాలైనా అంత వేడెక్కితే పొడిబారిపోతుంది. చిరుగు తువ్వాలు పీలిక మూడు నిమిషాల్లో ఆ సంగతి చెప్పేసింది. డెబ్బై తొమ్మిది దగ్గర ఆగింది. భయంతో పాటు ఇంకొకటి కూడా కలిగింది, దాచడం దేనికి. ఆ పరికరం ఎంత నిజాయితీ గలదో ఆ రోజు చూసినట్టు మరెప్పుడూ చూడలేదు. దానికి కావలసింది తడి ఒక్కటే. అది నేను ఇవ్వలేదు.

"ఏటైనాది బాబూ?" అందావిడ.

లారీ అన్న మాట ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని అలాగే వదిలేస్తే సరిపోయేది. ఆవిడ ముఖం చూశాను. పది రోజులు ఇల్లిల్లూ తిరిగి, దారంతా ఒళ్ళో బుట్ట కదలకుండా పట్టుకుని వచ్చిన మనిషి. ఆ కుదుపులకి తానే బాధ్యురాలినని ఇంటికెళ్ళి కుమిలిపోతుంది.

"లారీది తప్పు కాదమ్మా. నాది," అన్నాను. లేసు సంగతి కొన్న దగ్గర నుంచి చెప్పాను.

ఆవిడ లేసుని చేతిలోకి తీసుకుంది. తిడుతుందనుకున్నాను.

"ఇప్పుడేటి సెయ్యాల?" అంది.

ఇరవై ఒకటో రోజు

మిషను గాలి రంధ్రాలు మూశాం. నీళ్ళ ట్రేలు పెట్టాం. తడి గోనెలు వేలాడదీశాం. అంకె చోటికి వచ్చింది. గుడ్డులోంచి పోయిన నీరు మాత్రం మళ్ళీ లోపలికి రాదు. ఇకముందు పోకుండా చూడగలం, అంతే. ఆవిడ ఇంటికి వెళ్ళలేదు. చీపురుపల్లిలో ఎరిగినవాళ్ళింట్లో ఉండి రోజూ వచ్చింది.

ఇరవై ఒకటో రోజు ఉదయం మిషనుకి చెవి ఆనిస్తే లోపల మాటలు. పెంకు పగలకుండానే పిల్లలు లోపలి నుంచి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ఒక గుడ్డు అంటే పక్క గుడ్డు అంటుంది. ఆ శబ్దం విన్నవాడు ఈ పనిని ఊరికే ఉద్యోగం అనుకోలేడు. మధ్యాహ్నానికి యాభై ఎనిమిది పిల్లలు వాటంతట అవే బయటికి వచ్చాయి. నల్లకాళ్ళు.

తర్వాత ఆగిపోయాయి. చాలా గుడ్లకి కన్నం పడింది. కన్నంలో ముక్కు కనబడుతోంది. లోపలి పొర ఎండి, జిగురు పెట్టి అంటించిన కాగితంలా పిల్లకి అతుక్కుంది. తిరగలేకపోతోంది.

బయటికి రాలేని పిల్లని లాగకూడదని సింహాచలం శాసనం. రాలేనిది బతకదు, బతికినా నిలవదు అనేవాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. సువార్తమ్మకి అదే చెప్పాను.

"ఆ మాట బాగున్న గుడ్డుకి బాబూ," అంది. "ఈటికి అడ్డం కట్టింది మనవే కదా. ఇప్పమనాలి గాని సూస్తా కూకోకూడదు."

నిజానికి అడ్డం కట్టింది నేను. ఆవిడ మనం అంది.

గోరువెచ్చని నీళ్ళు, దూది తెమ్మంది. చేతులు కడుక్కుని ఒక్కో గుడ్డు మీద పొరని తడిపింది. తడిసిన పొర పలచబడి లోపల నరాలు కనబడతాయి. "నెత్తుటి నరం ఎర్రగా ఉంటే సెయ్యి తీసీ," అని నాకు చెప్పింది. "అది పిల్లలోకి ఎలిపోనిచ్చి, తెల్లబడినాక అప్పుడు వలువు." ఆసుపత్రిలో పసిపిల్లల బొడ్లు చూసిన చెయ్యి. నేను గుడ్లు పట్టుకున్నాను. తర్వాత నేనూ చేశాను. నా తొందరకి కొన్ని నా వేళ్ళ మధ్యే నెత్తురు కారి పోయాయి. పొద్దుగూకేలోగా ఇరవై ఏడింటిని బయటికి తెచ్చాం. సింహాచలం శాసనం మంచిదే. కానీ అది మిషను సరిగ్గా నడిపినవాడికి. తప్పు చేసినవాడు శాసనం వెనక దాక్కోకూడదని ఆయన నాకు చెప్పలేదు, ఆవిడ చెప్పింది.

చివరి లెక్క

ఆ తర్వాత నా కింద పనిచేసిన ప్రతివాడి చేతా మూడు పనులు చేయించాను. వత్తి నూలుదే కావాలి, వారం వారం ఉతకాలి లేదా మార్చాలి, నీళ్ళు వానవో, మరగకాచి ఆవిరి పట్టినవో అయ్యుండాలి. అంకె చూసే ముందు వేలు పెట్టాలి. గుడ్లు తూచాలి. తర్వాత అంకెలు వెలిగే మీటర్లు వచ్చాయి. మంచివే, నేనూ కొన్నాను. వాటి పక్కన తడి బల్బుని మాత్రం ఉంచాను. ఎందుకు తప్పు చెబుతోందో వేలికి తెలిసే పరికరం అదొక్కటే.

కార్డులో నష్టానికి కారణం రాసే గడి ఉంటుంది. 'వత్తి, ఇన్‌ఛార్జి పొరపాటు' అని రాశాను. ఇలా రాస్తే రేపు గుడ్లు ఎవడు తెస్తాడయ్యా అన్నాడు ఓనరు. మాఘమాసంలో సువార్తమ్మే తెచ్చింది. బుట్ట కింద పెట్టకుండా నేరుగా మిషను దగ్గరికి వెళ్ళి వత్తి తాకి చూసి, అప్పుడు దించింది.

ఆ మొదటి విడత లెక్క ఇది. పెట్టినవి రెండువందల పద్నాలుగు. ముప్పై ఒకటి ఖాళీవి, అది పుంజుల సంగతి. తొమ్మిది మొదటి వారంలో పోయాయి, కావాలంటే అవి లారీ మీద వేసుకోండి. మిగిలినవి నూట డెబ్బై నాలుగు. ఎంత మంచి మిషనులోనైనా ఇరవై నాలుగు పోతాయి, నూట యాభై రావాలి. వాటంతట అవి వచ్చినవి యాభై ఎనిమిది. విప్పితే వచ్చినవి ఇరవై ఏడు, వాటిలో మూడు రోజుల్లో ఆరు పోయాయి. బుట్టల్లోకి ఎక్కినవి డెబ్బై తొమ్మిది. ఇంటికి పదమూడని మాటిచ్చిన ఆవిడ ఇంటికి ఏడేసి పంచింది, రెండు మిగిలాయి. నూట యాభైలోంచి డెబ్బై తొమ్మిది తీసెయ్యండి. డెబ్బై ఒకటి. అవి నావి.